కెస్లర్ గారి గంట

9 ఫిబ్రవరి 2025, ఆదివారం

ఇవాళ మా కాలింగ్ బెల్ మోగింది. పరిగెత్తాను. పార్సిల్ అబ్బాయి. పై ఫ్లోర్ వాళ్లు ఇంట్లో లేరట, వాళ్ల పార్సిల్ నేను తీసుకోవాలట. తీసుకున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఈ ఫ్లాట్‌కి వచ్చి పదకొండేళ్లు. ఈ బెల్ ఎప్పుడు మోగినా వేరేవాళ్ల పార్సిల్ కోసమే.

తెనాలిలో మా ఇంటి తలుపు పగటిపూట వేసి ఉండటం నాకు గుర్తులేదు. వేసి ఉంటే కొట్టేవాళ్లు. వంటింట్లోంచి అమ్మ రోజంతా వస్తున్నా, వస్తున్నా అని కేకేస్తూనే ఉండేది. చేతులు చెంగుకి తుడుచుకుంటూ, వీళ్లకి వేరే పని లేదా అని విసుక్కుంటూ. ఈ దేశంలో ఆ వస్తున్నా అనే మాట నేను ఒక్కసారి కూడా అనలేదు. పార్సిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఆ సంగతి తట్టింది. ఏడుపొచ్చింది.

లోపలికొచ్చి ఉమేశ్‌తో చెప్పేశాను. ఇల్లు కొందాం, ఫ్లాట్ కాదు, వీధిలో ఇల్లు, మనుషులు వచ్చి గంట కొట్టే ఇల్లు అని. మా ఆయన లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా, గంట కొట్టెటోళ్ల కోసం ఎవలన్న ఇల్లు కొంటరా మంగా అన్నాడు. హన్మకొండ మనిషి. ఆయన దృష్టిలో ఇల్లంటే కారు చార్జింగ్ పెట్టుకునే చోటు, మీటింగులకి ఒక గది. ఆ రెండూ ఉన్నా నాకు అభ్యంతరం లేదన్నాను.

22 మార్చి, శనివారం

డార్మ్‌స్టాట్ పక్కన చిన్న ఊరు. లెర్హెన్‌వేగ్ అని వీధి. రెండు వైపులా మొక్కల కంచెలు దువ్విన తలల్లా ఉన్నాయి. అమ్మకానికి పెట్టిన ఇల్లు చివర్నుంచి రెండోది. అమ్మేది కెస్లర్ గారు, రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు. భార్య పోయింది. ఒక్కరూ ఉండలేక వృద్ధుల హోమ్‌కి మారిపోతున్నారు.

ఇల్లు చూడటానికి జంటలు జంటలుగా క్యూ. అందరి చేతుల్లో ఫైళ్లు. ఒకాయన గోడల మీద వేళ్లతో కొట్టి చూస్తూ ఏది పగలగొట్టాలో పెళ్లానికి చూపిస్తున్నాడు. కెస్లర్ గారు మాత్రం సొంత వంటింట్లో స్టేషన్లో రైలు కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. నాకు పాపం అనిపించింది.

గుమ్మం పక్కన ఇత్తడి గంట ఉంది. గొలుసు లాగితే మోగేది. దాని కింద కెస్లర్ అని పేరున్న చిన్న పలక. నేను లోపలికెళ్లి ఆయన్ని ఒకటే అడిగాను, ఆ గంట ఇంకా మోగుతుందా అని. నా జర్మన్ సరిగ్గా లేదని మా ఈషా మళ్లీ దిద్ది అడిగింది. ఎనిమిదేళ్ల పిల్ల, తెలుగులో అడిగితే జర్మన్లో జవాబు.

ఆయన లేచారు. కర్ర పట్టుకుని నన్ను బయటికి తీసుకెళ్లి, లాగమన్నారు. లాగాను. వీధంతా వినిపించింది. ఆయన భార్య హెల్గా ఎప్పుడూ వెనక తోటలోనే ఉండేదట, మామూలు బెల్ వినబడదని ఇది పెట్టించారట. గంట మోగగానే చిక్కుడు పాదుల్లోంచి వస్తున్నా అని కేకేసేదట. మా అమ్మదీ అదే మాట అన్నాను. మిగతాది చెప్పడానికి నా జర్మన్ చాలలేదు, చేతులతో చెప్పాను. ఆయనకి అర్థమైంది.

ఈలోగా ఉమేశ్ టేపు పెట్టి గరాజ్ కొలుస్తున్నాడు.

23 మార్చి

ఆ ఇల్లు నాకు కావాలి.

2 ఏప్రిల్, బుధవారం

కెస్లర్ గారి అబ్బాయి ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. గోడలు కొట్టినాయన మాకంటే ఎక్కువ ఇస్తానన్నాడట. మేం ఇంకా పెంచగలమా అని అడిగాడు. మేం చెప్పింది బ్యాంకు వాడి ఆఖరి మాట. అదే చెప్పాడు ఉమేశ్. ఫోన్ పెట్టేసి, ఇగ వదిలెయ్ మంగా, ఇంకోటి దొరుకుతది అన్నాడు.

సాంబారు మాడింది. ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు. అది ఇంకా బాధగా ఉంది.

11 ఏప్రిల్, శుక్రవారం

వచ్చింది. మాకే వచ్చింది.

కెస్లర్ గారే ఫోన్ చేశారు. కొడుక్కి ఇష్టం లేదట, అయినా ఇల్లు తనదేనని చెప్పారట. వచ్చిన వాళ్లందరూ గోడల గురించి అడిగారు, ఆవిడ ఒక్కతే గంట గురించి అడిగింది అన్నారట కొడుకుతో. ఉమేశ్ స్పీకర్‌లో పెట్టి నాకు వినిపించాడు. నేను నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. ఎవరైనా చనిపోయారా అని ఈషా జర్మన్లో అడిగింది. లేదే, ఇల్లొచ్చింది అన్నాను. దానికి నా మీద నమ్మకం కుదరలేదు.

ఉమేశ్ రెండుసార్లు అన్నాడు, గంట గురించి అడిగినవా, నిజంగ గదొక్కటే అడిగినవా అని. రాత్రి భోజనాల దగ్గర మళ్లీ అడిగాడు.

5 జూన్, గురువారం

నోటార్ దగ్గర, అంటే ఇక్కడి నోటరీ దగ్గర సంతకాలు. ఇక్కడ ఒప్పందం మొత్తం ఆయన పైకి చదవాలి, అదీ చట్టం. పంతులుగారు సంకల్పం చెప్పినట్టు ఊపిరి తీసుకోకుండా చదివాడు. ఉమేశ్ లైను లైనుకీ వేలు పెట్టి ఫాలో అవుతున్నాడు. నాకు కళ్లు మూతలు పడ్డాయి.

మధ్యలో కెస్లర్ గారు చెయ్యి ఎత్తారు, క్లాసులో పిల్లాడిలా. మేం ఆ ఇంట్లో ఉన్నంతకాలం గంట తియ్యకూడదని రాయాలన్నారు. కొడుకు తల పట్టుకున్నాడు. నోటార్ కళ్లజోడు తీసి, రాయొచ్చన్నాడు. రాశాడు. అదీ అదే గొంతుతో చదివాడు, గుమ్మం పక్కన ఉన్న ఇత్తడి గంట, గొలుసుతో సహా అని. నాకు నవ్వాగలేదు. ఉమేశ్ బల్ల కింద నన్ను గిల్లాడు. అటు చూస్తే కెస్లర్ గారూ నవ్వుతున్నారు.

30 ఆగస్టు, శనివారం

తాళాలు చేతికొచ్చాయి. అమ్మకి ఫోన్ చేస్తే పిడుగు పడ్డట్టు అరిచింది. భాద్రపదంలో గృహప్రవేశం ఏమిటే, బుద్ధుందా అని. ఫ్లాట్ ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చేశామమ్మా, రోడ్డు మీద ఉండాలా అన్నాను. పంతులుగారిని అడిగి తీర్పు చెప్పింది. కార్తీకంలో, నవంబరు ఒకటి శనివారం, స్థిరవారం, మంచి ముహూర్తం ఉంది. అప్పటిదాకా చుట్టాల్లా ఉండాలి. గడపకి పసుపు రాయకూడదు, గుమ్మానికి మన పేరు పెట్టకూడదు.

కెస్లర్ గారికి చెప్పి, మీ పేరు పలక అప్పటిదాకా ఉంచుకోవచ్చా అని అడిగాను. హోమ్‌లో తన తలుపు మీద పేరు తప్పు రాశారట, ఎక్కడో ఒకచోట సరిగ్గా ఉండటం మంచిదే అన్నారు.

13 సెప్టెంబర్, శనివారం

దిగిపోయాం. లారీ వెళ్లిపోయింది. వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే మా ఫ్రిజ్ నాకు ఇప్పుడే పరిచయమైనట్టుంది. ఎదురింటి జైడెల్ గారు, ఇక్కడి లెక్కలో ఫ్రావ్ జైడెల్, వయసులో పెద్దావిడ, కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

రేపట్నుంచి ఇరుగుపొరుగు వస్తారు. చెక్కలు వండి డబ్బాకెత్తాను. ఫిల్టర్‌లో డికాషన్ దింపి ఉంచాను.

20 సెప్టెంబర్

ఎవరూ రాలేదు. చెక్కలు మేమే తిన్నాం.

5 అక్టోబర్, ఆదివారం

ఇవాళ రాయకపోతే నా తల పగిలిపోతుంది.

తెనాలిలో లారీ ఆగితే చాలు, మొదటి పెట్టె దిగకముందే పక్కింటావిడ ప్రత్యక్షం. ఎవరండీ మీరు, ఏ ఊరు, పిల్లలెంతమంది, నీళ్లు కావాలా, పాలవాణ్ణి పంపించనా. ఇక్కడ మా లారీ దిగుతుంటే ఫ్రావ్ జైడెల్ కర్టెన్ వేసేసింది. పక్కింటి హెర్ మోర్ గారు కంచె కత్తిరిస్తూ హలో అంటారు. నేను హలో అంటాను. ఆయన మళ్లీ కత్తిరిస్తారు. రోజూ అంతే. పొగరా, బిడియమా, మా రంగు నచ్చలేదా, తాలింపు వాసనా. ఏదో ఒకటి చెప్పొచ్చు కదా, కనీసం పోట్లాడుకుంటాం.

ఉమేశ్ అన్నాడు, ఈడ గట్లనే ఉంటరు, నువ్వెందుకు ఆగమాగమైతవు అని. నాకు ఒళ్లు మండింది. ఆయన కారు చార్జింగ్ ఆయనకొచ్చింది, మీటింగుల గది వచ్చింది. నేను ఈ ఇల్లు దేనికి కోరుకున్నానో అది మాత్రం రాలేదు అన్నాను. మాటా మాటా పెరిగింది.

చివరికి నేనే బయటికెళ్లి గొలుసు లాగి వచ్చాను. తుప్పు పట్టకూడదని. ఎవరో వచ్చినరు చూడు మంగా అని పైనుంచి ఉమేశ్ కేకేశాడు. ఎవరూ లేరు, నేనే అన్నాను. ఆయన కిందికి దిగొచ్చి టీ పెట్టాడు. ఎదురింటి కర్టెన్ కదిలింది. కదలనీ.

30 అక్టోబర్, గురువారం

ఇవాళ నా అంత అదృష్టవంతురాలు లేదు.

గుమ్మానికి పూలు ఎక్కడ దొరుకుతాయా అని నెల్రోజులుగా బెంగ. ఊరి బయట మొక్కల దుకాణానికి వెళ్తే, నా కళ్లని నేనే నమ్మలేదు. చామంతులు. తెల్లవి, పసుపువి, కుండీలు కుండీలు, హాలు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. ఇన్నేళ్లూ ఫ్లాట్‌లో ఉండి ఈ దుకాణం ముఖం చూడలేదు, ఎంత పోగొట్టుకున్నాను. తెలుగువాళ్ల కార్తీకమాసం వీళ్లకి ఎవరు చెప్పారో.

అంతేకాదు, పక్కనే ఎర్ర గాజు దీపాలు. మూత కూడా ఉంది, గాలికి ఆరదు, రాత్రంతా వెలుగుతుందట. కార్తీక దీపాలకి ఇంతకంటే ఏం కావాలి. అట్టపెట్టె నిండా తీసుకున్నాను.

కౌంటర్ దగ్గరావిడ నా బండి చూసి, నా చేతి మీద చెయ్యి వేసి, శక్తి కలగాలని కోరుకుంటున్నాను అంది, చాలా మెల్లగా. ఎంత మంచి మనిషి. కుండీలు బరువే మరి. ఫరవాలేదు, మా ఆయన కార్లో ఉన్నాడని చెప్పాను.

31 అక్టోబర్, శుక్రవారం, సాయంత్రం

దండలు గుచ్చి గుచ్చి వేళ్లు వాచాయి. గుమ్మం చుట్టూ తెల్ల చామంతి, పసుపు చామంతి. రేపటి నుంచి అది మన గుమ్మమే కాబట్టి గంటకీ ఒక దండ, కింద కెస్లర్ గారి పేరు పలకకీ ఒక దండ. పాపం ఆయన ఇల్లే కదా ఇన్నాళ్లూ. మెట్ల మీద రెండు వైపులా ఎర్ర దీపాలు. వీధిలోకెళ్లి చూసుకున్నాను. నా దిష్టే తగిలేలా ఉంది.

ఇవాళ హాలోవీన్ కదా, పిల్లలైనా గంట కొడతారని చాక్లెట్లు గిన్నెలో పోసి కూర్చున్నాను. ఒక మంత్రగత్తె, ఒక అస్థిపంజరం మా గేటు దాకా వచ్చారు. గుమ్మం చూశారు. మంత్రగత్తె టోపీ తీసి గుండెకి ఆనించుకుంది. ఇద్దరూ మునివేళ్ల మీద వెనక్కి వెళ్లిపోయారు.

ఇక పిల్లలు కూడా రారన్నమాట. రేపు శుభకార్యం, ఏడవకూడదు. రేపు టిఫిన్‌కి వచ్చేది కెస్లర్ గారు ఒక్కరే. ఆయన కోసమైనా బాగా చేస్తాను.

1 నవంబర్, శనివారం, ఉదయం 9

అయింది. పంతులుగారు టాబ్లెట్‌లో, అమ్మ ఫోన్‌లో బియ్యం డబ్బాకి ఆనుకుని. పాలు పొంగాయి. పొంగి ఇండక్షన్ స్టవ్ మీద పడగానే అది బీప్‌మని ఆగిపోయింది. తూర్పుకే పొంగింది, శుభం అంది అమ్మ. ఉమేశ్ పట్టుపంచె జారకుండా బెల్టు పెట్టుకున్నాడు.

పులిహోర, పాయసం, గారెలు అయ్యాయి. నలుగురికి ఇంత ఎందుకు చేశానో.

1 నవంబర్, సాయంత్రం 6

ఎక్కడ మొదలుపెట్టను.

పదిన్నరకి గంట మోగింది. కెస్లర్ గారు ముందే వచ్చారనుకుని తలుపు తీశాను. గుమ్మంలో ఫ్రావ్ జైడెల్, హెర్ మోర్ గారు, ఆయన భార్య, వాళ్ల వెనక మెట్ల మీద వీధి వీధంతా. అందరూ నల్లకోట్లలో. వచ్చారు. మొత్తానికి వచ్చారు, అదీ గృహప్రవేశం రోజున, అదీ శుభ్రంగా ముస్తాబై.

ఫ్రావ్ జైడెల్ నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. సాంబ్రాణి పొగ ఎక్కువైందేమో అనుకున్నాను. చేతిలో కవరు పెట్టింది. చదివింపులు. ఇక్కడివాళ్లకి కూడా ఈ ఆచారం ఉందా అని ఎంత ముచ్చటేసిందో. తీసుకెళ్లి దేవుడి దగ్గర పెట్టి, కవరుకి బొట్టు పెట్టాను. అందరూ తలలు వంచి నిలబడ్డారు. భక్తి కూడా ఉంది.

అందరినీ కూర్చోబెట్టాను, చేతుల్లో ప్లేట్లు పెట్టాను. వద్దంటే ఊరుకోలేదు, శుభమా అని వచ్చి ఖాళీ నోటితో వెళ్లకూడదన్నాను. తిన్నారు. మొదట మొహమాటంగా, తర్వాత నిజంగా. హెర్ మోర్ గారు గారె చేతిలో పట్టుకుని, హెర్ కెస్లర్ ఎంత మంచి మనిషో అన్నారు. అవును, బంగారం లాంటి మనిషి అన్నాను. ఆయనకి కూడా ప్లేట్ తీసి ఉంచాను అని మూలనున్న ప్లేట్ చూపించాను. అందరూ ఆ ప్లేట్ వైపు చూశారు. ఫ్రావ్ మోర్ రుమాలు తీసుకుంది. మీ ఆచారం ఎంత గొప్పది అంది. నిజమే అనుకున్నాను.

ఫోన్‌లోంచి అమ్మ అడుగుతూనే ఉంది, శుభకార్యానికి ఆ నల్లబట్టలేమిటే, ఆవిడ ఏడుస్తోందేమిటే అని. ఊరుకో అమ్మా, ఇక్కడింతే అన్నాను.

అప్పుడు గంట మోగింది.

తలుపు తీశాను. కెస్లర్ గారు. కర్ర, టోపీ, చంకలో వైన్ సీసా. ఆయన నా వైపు చూడటం లేదు. గుమ్మం చుట్టూ చామంతి, తన పేరుకి చామంతి దండ, కాళ్ల దగ్గర ఎర్ర దీపాలు, అన్నీ ఒక్కొక్కటే చూసుకుంటున్నారు. తర్వాత తన హాల్లో నల్లకోట్లలో నిలబడిన వీధి మొత్తాన్ని చూశారు. ముందే తెలిస్తే మంచి కోటు వేసుకొచ్చేవాణ్ణి అన్నారు.

ఫ్రావ్ జైడెల్ పైకి వెళ్లే మెట్టు మీద కూలబడింది. హెర్ మోర్ గారి గారె కిందపడింది. ఈషా ఒక్కతే, హలో హెర్ కెస్లర్, మీరు లేటు అంది.

తెల్ల చామంతులు ఇక్కడ సమాధులకట. ఎర్ర దీపాలు కూడా సమాధులకట. అదీ ఇవాళ, సరిగ్గా చనిపోయినవాళ్ల సమాధులకి పూలు తీసుకెళ్లే రోజు. ఎవరో చెప్తుంటే నాకు చెవుల్లోకి వెళ్లడం లేదు. కాళ్ల కింద నేల చీలితే బాగుండుననిపించింది. బతికున్న మనిషి పేరుకి దండ వేశాను. దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెట్టింది సంతాపం కార్డుకి. ఉమేశ్ పంచె పట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

కెస్లర్ గారు నేరుగా దేవుడి దగ్గరికెళ్లి, అడిగి ఆ కవరు తీసుకున్నారు. కార్డు తెరిచి, బొట్టుతో సహా, నిలబడి అందరూ రాసింది పైకి చదివారు. ఫ్రావ్ జైడెల్ రాసింది చదివి ముక్కు తుడుచుకున్నారు. హెర్ మోర్ రాసింది చదివి, ఇన్నేళ్ల పక్కింటివాడివి, ఒక్క లైనేనా అన్నారు. హెర్ మోర్ గారు అక్కడే పెన్ను తీసి ఇంకో లైను రాశారు. ముందుగా నవ్వింది ఫ్రావ్ జైడెల్. ఏడుస్తూ నవ్వింది. తర్వాత ఆగలేదు ఎవరూ. నేను వంటింట్లోకి పరిగెత్తి, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. కెస్లర్ గారు తలుపు దగ్గరికొచ్చి, తన ప్లేట్ ఏదని అడిగారు. ఇంత ఘనంగా తనని పంపించినవాళ్లు ఇంకెవరూ లేరట, పైగా తిరిగి కూడా రానిచ్చారట.

నల్లకోట్లు విప్పి కుర్చీల మీద పడేశారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఇక్కడి నియమం ప్రకారం ఒంటిగంట నుంచి మూడింటిదాకా ఈ వీధిలో చప్పుడు చెయ్యకూడదు. చెయ్యకూడనివాళ్లందరూ మా హాల్లోనే ఉన్నారు. పాయసం గిన్నె గరిటెతో గీకి తిన్నారు.

2 నవంబర్, ఆదివారం

పొద్దున ఫ్రావ్ జైడెల్ రొట్టె, ఉప్పు తెచ్చింది. కొత్త ఇంటికి వీళ్లు అవి ఇస్తారట. ఇవి ఖచ్చితంగా బతికున్నవాళ్లకేనా అని అడిగి తీసుకున్నాను.

ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్లే వెళ్లి ఇరుగుపొరుగు గంటలు కొట్టాలట. మేం కొట్టలేదు కాబట్టి ఒంటరిగా ఉండటం మాకిష్టమనుకున్నారట. నేను వస్తానని ఆవిడ సెప్టెంబర్లో ప్లమ్ కేక్ చేసి ఫ్రీజర్లో పెట్టి ఉంచిందట. కర్టెన్ వేసింది మమ్మల్ని చూడలేక కాదట, దాని వెనక నిలబడి నేను వస్తున్నానా అని చూడటానికట. నేనేమో డికాషన్ దింపి కూర్చున్నాను. ఇద్దరం రోడ్డుకి అటూ ఇటూ పిచ్చివాళ్లలా.

ఆ కేక్ ఇప్పుడే తిన్నాం. బాగుంది. అమ్మకి చెప్తే, అందుకే అడిగానే నల్లబట్టలేమిటని, నా మాట ఎవరు వింటారు అంది.

కొత్త పేరు పలక ఉమేశ్ బిగించాడు. కెస్లర్ గారిది తియ్యలేదు. కింద మాది.

23 నవంబర్, ఆదివారం

ఇవాళ కూడా ఇక్కడ సమాధుల దగ్గరికెళ్లే ఆదివారమట. చామంతులు ఇంకా బతికున్నాయా అని కెస్లర్ గారు ఫోన్ చేశారు. ఉన్నాయన్నాను. కుండీలు కార్లో ఎక్కించి, ఆయన్ని హోమ్ దగ్గర ఎక్కించుకుని, హెల్గా దగ్గరికి వెళ్లాం. పూలు ఈసారి ఉండాల్సిన చోటికి చేరాయి. మిగిలిన ఎర్ర దీపాలు నేను వెలిగించాను. కార్తీకం మొన్ననే అయిపోయింది. అయినా దీపం దీపమే.

కెస్లర్ గారు టోపీ తీశారు. తర్వాత, హెల్గా, గంట మోగుతోంది అని చెప్పారు. అంతే. కార్లో దారంతా హెర్ మోర్ రాసిన రెండో లైను గురించి గొప్పలు చెప్పుకున్నారు.

28 నవంబర్, శుక్రవారం

రెండు ముక్కలు రాసుకుందామని ఇప్పుడే కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు, చేతికి పిండి. గంట. పొద్దుట్నుంచీ ఇదే వరస. ఈ వీధిలో వీళ్లకి వేరే పని లేదా. మళ్లీ మోగింది.

వస్తున్నా, వస్తున్నా.